పచ్చిక మీద ఏడు శతాబ్దాలు

కొన్నేళ్ళ క్రితం ఒక జులై నెలలో మా నాన్నగారిని వెంటబెట్టుకొని ఇంగ్లండు దక్షిణ తీరానికి వెళ్ళాను. నాతోపాటు వైద్యకళాశాలలో చదివి ఆ దేశంలో స్థిరపడిన మిత్రుడు అక్కడ ఒక చిన్న సముద్రతీరపు ఊరిలో ఉంటాడు. అంతకంటే ముందు అతను మా ఊరి జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో నాన్నగారి దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడు. అమ్మ పోయిన తర్వాత నాన్నగారు మా దగ్గరికి బెంటన్‌విల్ వచ్చేశారు. వాల్‌మార్ట్ పుణ్యమా అని ఇక్కడ తెలుగువారికి కొదవలేదు. కానీ వారి తల్లిదండ్రులకు పొద్దు గడవదు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి కాలనీ చుట్టూ నడక. మిగిలిన సమయమంతా కిటికీ. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళ ఫైళ్ళలో రక్తపోటు, చక్కెర, మోకాళ్ళు రాసి ఉంటాయి. ఈ కిటికీ సంగతి రాయడానికి అందులో గడి లేదు.

ఆ సాయంత్రం ముగ్గురం సముద్రపు ఒడ్డున నడుస్తుంటే, కంచెమొక్కల వెనుక ఒక చదరపు పచ్చిక కనిపించింది. కేరమ్ బోర్డంత సమతలం. తెల్ల దుస్తులలో ఎనిమిదిమంది ముసలివాళ్ళు, దూరంగా ఉన్న చిన్న తెల్ల బంతివైపు నల్లని పెద్ద గుండ్లను దొర్లిస్తున్నారు. నాన్నగారు బెంచీమీద కూర్చొని అరగంట మాట్లాడలేదు. తర్వాత, "గోళీలే గదరా!" అన్నారు. అది విన్నట్టే ఆటగాళ్ళలో ఒకాయన వచ్చి, ఆయన చేతిలో ఒక గుండు పెట్టాడు. నాన్నగారు గురి చూసి తిన్నగా విసిరారు. అది సగం దూరం బుద్ధిగా పోయి, అక్కడినుంచి వంకర తిరిగి, పక్కవాళ్ళ ఆటలోకి దూరింది. "మాస్టారూ, చిన్న గుర్తు ఉన్న పక్క లోపలికి ఉండాలి. తిన్నగా వేస్తే ఇది తిన్నగా పోదు" అని మిత్రుడు నవ్వాడు.

లాన్ బౌల్స్ అనే ఈ ఆటలోని కిటుకంతా ఆ వంకరలోనే ఉంది. చిన్న తెల్ల బంతిని జాక్ అంటారు. దానిని ముందుగా కనీసం 23 మీటర్ల దూరానికి దొర్లిస్తారు. ఆపైన ఇరుపక్షాలవారు ఒకరి తర్వాత ఒకరు తమ బౌల్స్‌ను దాని దగ్గరికి చేర్చాలి. అందరి వంతూ అయ్యాక, ప్రత్యర్థి బౌల్స్‌లో అత్యంత దగ్గరున్న దానికంటే మనవి ఎన్ని దగ్గరగా ఉంటే మనకు అన్ని పాయింట్లు. జాక్‌ను కొట్టి జరపవచ్చు, ఎదుటివాడి బౌల్‌ను నెట్టివేయవచ్చు. ఇంతవరకూ గోళీలే. కానీ బౌల్ పూర్తి గోళం కాదు. దాదాపు కిలోన్నర బరువుండే ఆ గుండును ఒక పక్క కాస్త ఎక్కువ చెక్కుతారు కాబట్టి గరిమనాభి మధ్యలో ఉండదు. చిన్నప్పుడు రూపాయి బిళ్ళను నిలువుగా దొర్లించినవారికి ఇది కొత్త కాదు. వేగంగా ఉన్నంతసేపు నిటారుగా పోతుంది, వేగం తగ్గేకొద్దీ ఒరుగుతూ లోపలికి తిరుగుతుంది. బౌల్ కూడా అంతే. అందుకే ఆటగాడు లక్ష్యంవైపు కాకుండా, లక్ష్యానికి చాలా పక్కగా చూసి వేస్తాడు.

ఈ వంకరకు ఆటలో పేరు బయస్. ఫ్రెంచి నుంచి వచ్చిన ఆ మాట ఇంగ్లీషులో 16వ శతాబ్దంలో బౌలింగ్ పరిభాషగా స్థిరపడి, అక్కడినుంచే మనసు మొగ్గుకు, పక్షపాతానికి పేరయింది. బౌల్స్ బయస్ గురించి రాసిన తొలివారిలో రాబర్ట్ రికార్డ్ ఒకడు. ఒక పక్క కొంచెం మారిస్తే చాలు బౌల్ వంకరగా పోతుందని 1556లో వెలువడిన తన ఖగోళశాస్త్ర గ్రంథంలో ప్రస్తావించాడు. ఆ మరుసటి సంవత్సరమే గణితంలో సమానపు గుర్తును ప్రవేశపెట్టినవాడు కూడా ఆయనే. వృత్తిరీత్యా వైద్యుడు, మూత్రపరీక్షమీద పుస్తకం రాసినవాడు, చివరికి చెరసాలలో చనిపోయినవాడు. సమానత్వానికి గుర్తును, పక్షపాతానికి ఉపమానాన్ని ఒకే మనిషి రాతల్లో చూడటం నాకు ముచ్చటగా అనిపించింది. మేం వైద్యులం ఒక మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి రోగులను చీటీలు తీసినట్టు రెండు గుంపులుగా విడదీసేది ఈ బయస్ భయంతోనే. మన పరిశోధన తిన్నగా పోతున్నదనే అనుకుంటాం. వంకర చివరలోనే బయటపడుతుంది.

బౌల్‌కూ వైద్యానికీ ఇంకొక చుట్టరికం ఉంది. చాలాకాలం బౌల్స్‌ను లిగ్నమ్ వైటీ అనే చెట్టు చేవతో చేసేవారు. కరీబియన్ ద్వీపాలనుంచి వచ్చిన ఆ కర్ర నీటిలో మునిగిపోయేటంత బరువు. లాటిన్‌లో ఆ పేరుకు ప్రాణమిచ్చే కర్ర అని అర్థం. ఆటకు వాడటానికి ముందే ఐరోపా దానిని సిఫిలిస్‌కు మందుగా ఎరిగింది. జర్మన్ కవి ఉల్రిచ్ ఫాన్ హుటెన్ ఆ చెక్క కషాయం తాగి తనకు నయమైందని 1519లో పుస్తకమే రాశాడు. 1523లో ఆ జబ్బుతోనే పోయాడు. ఆ చెట్టు జిగురు మాత్రం వైద్యాన్ని వదలలేదు. దాని పేరు గ్వాయాకమ్. మలంలో కంటికి కనపడని రక్తం ఉందేమో తెలుసుకోవడానికి వాడే పరీక్ష అట్టలో ఉండేది ఆ జిగురే. పెరాక్సైడు చుక్క వేసినప్పుడు నీలిరంగు వచ్చిందంటే రక్తం ఉన్నట్టు. పాతికేళ్ళుగా ఆ అట్టలు చూస్తూ కూడా అవి బౌలింగ్ గుండుకు తోబుట్టువులని నాకు తెలియదు. 1918లో మెల్‌బోర్న్‌లో హెన్‌సెల్ గట్టి రబ్బరుతోనూ, ఆ తర్వాత ప్లాస్టిక్‌తోనూ బౌల్స్ తయారు చేయడంతో కర్ర కాలం క్రమంగా చెల్లింది.

ఆట పుట్టుక తెలుసుకోవాలని మర్నాడు ఆ తీరం వెంటే ఉన్న సౌతాంప్టన్ వెళ్ళాం. టైటానిక్ బయలుదేరిన రేవుగా అందరికీ తెలిసిన ఆ ఊరు నేడు పెద్ద నగరం. పాత కోటగోడల ఆగ్నేయమూలన, గాడ్స్ హౌస్ టవర్ అనే బురుజుకు దగ్గరలో ఒక బౌలింగ్ గ్రీన్ ఉంది. సౌతాంప్టన్ ఓల్డ్ బౌలింగ్ గ్రీన్ అనే ఆ క్లబ్బు తన పుట్టిన సంవత్సరం 1299 అని చెప్పుకుంటుంది. చెస్టర్‌ఫీల్డ్ అనే మరొక ఊరు 1294 అంటుంది. ఇటువంటి తేదీలకు సంప్రదాయమే ఆధారం గాని శాసనం కాదు. మన ఊళ్ళలో స్థలపురాణాన్ని ఎంతవరకు నమ్ముతామో దీనినీ అంతవరకే నమ్మాలి. అయినా, ఒకేచోట ఇంతకాలం ఆట సాగిన పచ్చికలలో ఇదే పాతదని సాధారణంగా అంగీకరిస్తారు. 1299 అంటే ఓరుగల్లులో ప్రతాపరుద్రుడు ఏలుతున్న కాలం. సముద్రవర్తకులకు గణపతిదేవుడు అభయశాసనం వేయించిన మోటుపల్లి వంటిదే అప్పటి సౌతాంప్టన్ కూడా, ఓడలమీద బతికే చిన్న రేవుపట్టణం.

గాడ్స్ హౌస్ అంటే ఆసుపత్రి. 12వ శతాబ్దం చివర జెర్వేజ్ అనే సంపన్న వర్తకుడు దానిని కట్టించాడు. అప్పటి ఆసుపత్రిలో మందులకంటే ఆశ్రయం ఎక్కువ. పేదలు, వృద్ధులు, యాత్రికులు అక్కడ తలదాచుకునేవారు. మన ధర్మసత్రమూ వృద్ధాశ్రమమూ కలిపితే ఎలా ఉంటుందో అలా అన్నమాట. ఈ పచ్చిక ఆ ఆసుపత్రి అధిపతికి చెందిన ఆవరణ అని చెబుతారు. 1338లో ఫ్రెంచి, జెనోవా నావికులు ఊరిని కొల్లగొట్టారు. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకు ఆసుపత్రి ఆక్స్‌ఫర్డ్‌లోని క్వీన్స్ కళాశాల చేతికి వెళ్ళింది. ఊరు పడుతూ లేస్తూ ఉంది. ఇంత పాత ఆటస్థలం ఒక ఆసుపత్రి పెరడు కావడం వైద్యుడిగా నాకు గర్వంగా ఉంటుందని వేరే చెప్పనక్కరలేదు.

ఈ ఆట పెద్దమనుషుల కాలక్షేపమని మనకొక అభిప్రాయం. అది ఊరికే రాలేదు, చట్టం చేసి తెచ్చారు. యువకులు విలువిద్య మాని ఆటలకు మరుగుతున్నారని ఇంగ్లండు రాజులు 14వ శతాబ్దం నుంచీ ఇటువంటి ఆటలను నిషేధిస్తూ వచ్చారు. ఎనిమిదవ హెన్రీ 1541లో తెచ్చిన శాసనం మరీ వివరమైనది. చేతిపనివారు, రైతులు, కూలీలు, అప్రెంటిసులు, నౌకర్లు, నావికులు, జాలరులు క్రిస్మస్ రోజులలో తప్ప బౌల్స్ ఆడకూడదు. అప్పుడైనా యజమాని ఇంట్లో, అతని ఎదుటే ఆడాలి. ఏడాదికి 100 పౌండ్ల రాబడి ఇచ్చే భూమి ఉన్నవారు మాత్రం అనుమతి తీసుకొని సొంత పచ్చికమీద ఆడుకోవచ్చు. నావికులూ జాలరులూ అన్న మాటలు చదివి ఆగిపోయాను. సముద్రపు ఒడ్డున ఉన్న ఊరిలో వాళ్ళు తప్ప ఇంకెవరున్నారు? ఈ శాసనంలోని ఆటల నిషేధం 1845లో గాని రద్దు కాలేదు. అంటే మూడు వందల ఏళ్ళపాటు కూలివాడు బౌల్ పట్టుకోవడం నేరమే. హెన్రీ తాను మాత్రం ఆడుకున్నాడు.

1588లో స్పెయిన్ నౌకాదళం వస్తున్నదన్న కబురు విని కూడా ఫ్రాన్సిస్ డ్రేక్ ప్లిమత్ గట్టున బౌల్స్ ఆట ముగించే కదిలాడన్న కథ చాలామంది విని ఉంటారు. సేనానులు బౌల్స్ ఆడుతున్నారన్న ముక్క 1624 నాటి ఒక కరపత్రంలో ఉంది గాని, డ్రేక్ నోట పెట్టిన మాట 18వ శతాబ్దంలో చేరింది. గాలి, పోటు రెండూ ఎదురుగా ఉన్నప్పుడు రేవు దాటడం ఎలాగూ కుదరదు కాబట్టి ఆట ఆడి ఉంటే ఆడి ఉండవచ్చు. అందులో వీరత్వం వెదకడం కాలక్షేపం.

అమెరికాలో ఉన్న మనకు దగ్గరైన పచ్చిక ఒకటుంది. న్యూయార్కులో వాల్ స్ట్రీట్‌కు పనిమీద వెళ్ళేవారిలో చాలామంది రోజూ బౌలింగ్ గ్రీన్ స్టేషనులో దిగుతారు. పైన ఉన్న ఆ చిన్న తోటను 1733లో నగరసభ ముగ్గురు పౌరులకు ఏడాదికి ఒక మిరియపు గింజ కౌలుకు ఇచ్చింది, బౌల్స్ ఆడుకోవడానికే. తర్వాత అక్కడ మూడవ జార్జి రాజు విగ్రహం వెలిసింది. స్వాతంత్ర్య ప్రకటనను సైన్యానికి చదివి వినిపించిన 1776 జులై 9న జనం ఆ సీసపు విగ్రహాన్ని కూల్చారు. కరిగించి తుపాకీ గుండ్లు పోశారు.

సుమారు మూడు వారాల తర్వాత, ఆగస్టు 1న, సౌతాంప్టన్ పచ్చికమీద ఒక పోటీ మొదలైంది. రాజును కూల్చడంతో సంబంధం లేదు గాని, దాని పేరు నైట్‌హుడ్. ఆ పోటీ నేటికీ సాగుతున్నది, దాని నియమాలు చిత్రంగా ఉంటాయి. జాక్‌ను ఒక పెన్నీ నాణెం మీద నిలబెడతారు. ఒక్కొక్కరికి రెండు బౌల్స్. ఎవరిది అందరికంటే దగ్గరగా ఉంటే వారికి ఒక పాయింటు. ముందుగా 7 తెచ్చుకున్నవాడు గెలుస్తాడు, అందుకు ఒక్కోసారి రోజుల తరబడి పడుతుంది. గెలిచినవాడిని ఆ పచ్చికకు నైట్ చేస్తారు. అప్పటినుంచి క్లబ్బులో అతన్ని సర్ అని పిలవాలి. నైట్లందరూ ఆ రోజున తోకకోట్లు, పొడుగు టోపీలు, మెడలో పతకాలతో వస్తారు. ఆడేవారిని మాత్రం సామాన్య పెద్దమనుషులంటారు.

నాకు నచ్చింది వేషం కాదు. ఒకసారి నైట్ అయినవాడు ఇక జన్మలో ఆ పోటీలో ఆడకూడదు. పక్కన నిలబడి దూరాలు కొలవాలి, తగవులు తీర్చాలి. గెలుపు అక్కడ పీఠం కాదు, తప్పుకోవడం. ఎంత మొనగాడైనా ఒక్కసారే, ఆపైన రెండో శ్రేణివాడికి, మూడో శ్రేణివాడికి అవకాశం. ఒక క్లబ్బు ఇంతకాలం నిలబడటానికి పచ్చిక నాణ్యతకంటే ఇటువంటి కట్టుబాట్లే ఎక్కువ కారణమని నా అనుమానం. అధ్యక్షపదవి దిగాక కూడా అధ్యక్షులుగానే ఉండిపోయే మన ప్రవాస సంఘాలలో పాతికేళ్ళు తిరిగినవాడిని కాబట్టి నాకిలా తోస్తున్నదేమో.

సామాన్యుడికి ఈ పచ్చిక అందుబాటులోకి రావడానికి 19వ శతాబ్దంలో రెండు మూడు సంగతులు కలిసివచ్చాయి. ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్ బట్టల మిల్లులో ఉన్నిగుడ్డ నూగును కత్తిరించే యంత్రాన్ని చూసి, గడ్డికీ అదే పనికొస్తుందని 1830లో లాన్ మోవర్‌కు పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు కొడవళ్ళవాళ్ళను పెట్టుకోగలిగినవారికే సమమైన పచ్చిక. 1849లో గ్లాస్గోకు చెందిన విలియం మిచెల్ నియమావళిని రాసిపెట్టాడు. రైలుమార్గాలు వచ్చి సముద్రతీరపు ఊళ్ళు సెలవుల ఊళ్ళయ్యాయి. పురపాలక సంఘాలు తోటలూ, తోటలలో గ్రీన్లూ వేశాయి. 1903లో ఇంగ్లండు జాతీయ సంఘం ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షుడు డబ్ల్యు. జి. గ్రేస్, గడ్డంతో ప్రసిద్ధుడైన ఆ క్రికెటరే. ఆయనా వైద్యుడే.

ఇంకొక సంగతి చెప్పాలి. మంచి గ్రీన్‌కు వాడే గడ్డి సముద్రంలోంచే వచ్చేది. ఇంగ్లండు వాయవ్యతీరంలో పోటుకు మునిగి ఆటుకు తేలే ఉప్పు బీళ్ళున్నాయి. పోటు తెచ్చే మెత్తని ఒండ్రుమీద, గొర్రెలు ఎప్పటికప్పుడు కొరికివేయగా, సన్నని గడ్డి తివాచీలాగా పెరుగుతుంది. దానిని పలకలుగా కోసి దేశమంతా పంపేవారు. కంబర్లండ్ టర్ఫ్ అని దానికి గొప్ప పేరు. కానీ ఉప్పూ ఒండ్రూ అందని చోట నాటితే, కొన్నాళ్ళకు ఊరి గడ్డి వచ్చి దాన్ని తినేస్తుంది. వలసవెళ్ళిన చెట్టు కథ మనకు కొత్త కాదు.

గ్రీన్ వేగాన్ని సెకన్లలో చెబుతారు. వేసిన చోటినుంచి సుమారు 27 మీటర్ల దూరంలో ఆగే బౌల్ ఆగడానికి ఎంతసేపు పడుతుందో అది ఆ గ్రీన్ వేగం. ఇంగ్లండులో 10 నుంచి 12 సెకన్లు, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 15, ఆపైన. ఎక్కువ సెకన్లు పట్టేదే వేగమైన గ్రీన్. ఇది తప్పుగా వినబడుతుంది గాని నాన్నగారు వెంటనే పట్టుకున్నారు. ఘర్షణ తక్కువైతే మెల్లగా వేసినా చాలు, మెల్లగా పోయేది ఎక్కువసేపు పోతుంది. 10 సెకన్ల గ్రీన్‌మీద సెకనుకు 5.4 మీటర్ల వేగంతో వదలాలి, 15 సెకన్లదైతే 3.6 చాలు. రైలులో తిరిగివస్తూ టికెట్టు వెనుక ఆయన వేసిన లెక్క ఇది.

1930లో హామిల్టన్‌లో జరిగిన తొలి సామ్రాజ్య క్రీడలనుంచీ, 1966లో కింగ్‌స్టన్‌లో తప్ప, ప్రతిసారీ ఈ ఆట ఉంది. స్త్రీలకు చోటు దొరికింది మాత్రం 1982లో, బ్రిస్బేన్‌లో. భారతదేశం 2010లో ఢిల్లీలో తొలిసారి ఆడింది. 2022 ఆగస్టు 2న లెమింగ్‌టన్ స్పా పచ్చికమీద నలుగురు స్త్రీలు దక్షిణాఫ్రికాను 17-10తో ఓడించి స్వర్ణం గెలిచారు. వారిలో లవ్లీ చౌబే ఝార్ఖండ్ పోలీసు, నయన్‌మొని సైకియా అస్సాం అటవీశాఖ ఉద్యోగిని, పింకీ ఢిల్లీలో వ్యాయామ ఉపాధ్యాయిని, రూపారాణి తిర్కీ ఝార్ఖండ్ క్రీడాశాఖ అధికారిణి. ఆ రాత్రి మన వాట్సాప్ గుంపులలో ఈ ఆటేమిటని అడగనివారు లేరు. 1541 శాసనం నాటికి ఈ నలుగురిలో ఎవరికీ ఆ పచ్చికమీద కాలుపెట్టే హక్కు ఉండేది కాదు.

తలుపులు తెరుచుకున్నాయి, లోపలికి వచ్చేవాళ్ళే తగ్గారు. మా మిత్రుడి ఊరి క్లబ్బులో ఒకప్పుడు పేరు నమోదు చేసుకొని వేచి ఉండాల్సి వచ్చేదట. మేం వెళ్ళేనాటికి సభ్యులు ముప్పైకి దిగారు, అందరూ డెబ్బై దాటినవారు. గడ్డి కత్తిరించడం, గాలి ఆడేలా గుచ్చడం, ఇసుక చల్లడం ఇక మీరే చూసుకోండని పురపాలక సంఘం చెప్పేసింది. శరదృతువులో ఆ పని నెల రోజులు పడుతుంది, చేసే నడుములు లేవు. మోకాలు మార్పించుకున్నవాడికీ, చక్రాల కుర్చీలో ఉన్నవాడికీ, మనవడితో సమానంగా ఆడనిచ్చే ఆటలు ఎన్నో లేవు. వంగడం, నాలుగడుగులు వేయడం, నిలదొక్కుకోవడం, మళ్ళీ ఆ చివరకు నడవడం: వృద్ధులు పడిపోకుండా మేం రాసిచ్చే వ్యాయామాలకూ దీనికీ పెద్ద తేడా లేదు. పైగా ఈ వ్యాయామంలో ఎదురుచూసే మనుషులుంటారు. వారం తప్పితే ఫోను చేసి అడుగుతారు. మందుచీటీ మీద అది రాయలేను.

నిరుడు చలికాలంలో మిత్రుడు ఫోను చేశాడు. పక్క ఊరి క్లబ్బులో తమది కలిపేశారని, స్థలం సంగతి పురపాలక సంఘం ఇంకా తేల్చలేదని చెప్పాడు. సామాన్లు పంచుకుంటుంటే అడిగి ఒక పాత జత తీసుకున్నాడట. నాలుగు బౌల్స్, గుడ్డసంచితో సహా, వసంతంలో మాకు వచ్చాయి. తపాలా ఖర్చు వాటి ధరకంటే ఎక్కువై ఉంటుంది.

మా పెరట్లో 27 మీటర్లు లేవు. కంచెనుంచి మెట్లదాకా కొలిస్తే 12 మీటర్ల చిల్లర, అందులోనూ కాస్త వాలు. గడ్డి బెర్ముడా. జాక్ లేదు కాబట్టి టెన్నిస్ బంతి పెట్టాం. ఈసారి నాన్నగారు చిన్న గుర్తు లోపలికి పెట్టుకొని, బంతికి బాగా ఎడంగా చూసి వేశారు. అది వంపు తిరిగి, బంతికి జానెడు దూరంలో ఆగింది. పక్కింటి పెద్దాయన, కూతురింటికి గుంటూరునుంచి వచ్చినవారు, కంచె మీదుగా చూస్తున్నారు. ఆయన్ని కేకేసి నా గడియారం చేతికిచ్చాం. 12 మీటర్లకు 4 సెకన్లు. నాన్నగారు ఒక నిమిషం ఆలోచించారు. దూరం కాలవర్గాన్ని బట్టి పెరుగుతుంది. 27ను 12తో భాగిస్తే రెండుంపావు, దాని వర్గమూలం ఒకటిన్నర. "ఆరు సెకన్ల పచ్చికరా ఇది, చాలా మొద్దు. రేపు మోవర్ బ్లేడు ఇంకాస్త దించి కొయ్యి" అని, పక్కింటాయన చేతిలో రెండో బౌల్ పెట్టారు.